మేడ లేని తీరం

12 నవంబరు 1981

తీరాన ఏళ్లుగా ఖాళీగా పడి ఉన్న పాత మేడను నిన్నటితో పూర్తిగా కూల్చేశారు. తాగుబోతుల అడ్డా అయిందని, తీసేయమని అడిగింది మా పేటవాళ్లే.

ఈరోజు అన్నయ్య వేట నుంచి చిరిగిన వలతో వచ్చాడు. సముద్రంలోంచి చూస్తే ఆ మేడ, కొండ కొస ఒకే వరసలోకి వచ్చే చోట వలకు రాళ్లు తగలవు. అక్కడే వేయాలని నాన్న నేర్పాడు.

“మేడ నేదు కదా, అందాజుగా ఏసీసినాను,” అన్నాడు అన్నయ్య.

“అక్కడ అయిదంతస్తులు కడతారంట. ఇంకా దూరానికి అగుపడతాది,” అన్నాను.

“కట్టీదాకా సేపలు కాసుక్కూకుంటాయేటి?” అన్నాడు నాన్న.

నాన్నే అమ్మ పాత ఎర్రచీరను వెదురుకు కట్టి, మేడ కూల్చిన మట్టికుప్ప మీద పాతి వచ్చాడు. ఇప్పుడు బయట గాలి పెరిగింది. తెల్లారేసరికి ఆ చీర ఉంటుందో లేదో... అన్నయ్య మాత్రం చీకటితోనే బయలుదేరతాడు.