ఉబ్బిన కందిపొడి

చాండ్లర్,
నవంబరు 9

ఒసేయ్ ఉమా,

ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక ఉత్తరం రాస్తున్నాను, నవ్వకు. పోయిన వారం మీ పిన్ని పోయిన కబురు చెబుతూ "ఆ కందిపొడి ఇంక దొరకదే నళినీ" అని నువ్వు వెక్కి వెక్కి ఏడ్చావు. నేనేదో సాకు చెప్పి ఫోన్ పెట్టేశాను. ఎందుకో చెబుతాను. విన్నాక తిట్టుకుంటావో, మాట్లాడడమే మానేస్తావో నీ ఇష్టం.

ఇరవై ఆరేళ్ళ కిందట మనిద్దరం ఎమ్మెస్‌కి విమానం ఎక్కిన రోజు గుర్తుందా? మనం చదవబోయే పిస్కాటవే ఎక్కడుందో తెలీదు, బెల్టు పెట్టుకోవడం తెలీదు, ఇద్దరికీ కలిపి ఒకటే స్వెట్టరు. అమ్మ లేని నిన్ను పెంచిన పిన్ని కదా, ఒంగోలులో తెల్లారకుండానే లేచి రోట్లో కందిపొడి దంచింది. ప్లాస్టిక్ కవర్లో పోసి, కొవ్వొత్తి మంట మీద మూతి అంటించి నీ చేతిసంచిలో పెట్టింది. సముద్రం మీద ఉండగా తీసి చూస్తే ఏముంది, కవరు బూరెలా ఉబ్బిపోయింది! "పాడైపోయిందే! పగిలిందంటే విమానమంతా వెల్లుల్లి కంపే" అని హడావిడి చేసింది నేనే. నువ్వు వద్దంటున్నా లాక్కుని, వెనక ఎయిర్‌హోస్టెస్ చెత్తసంచిలో పడేసి వచ్చాను. ఆర్నెల్లు తిరక్కుండా పిన్నికి పక్షవాతం వచ్చింది. ఆవిడ మళ్ళీ రోకలి పట్టలేదు.

అది పాడవలేదే ఉమా. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నాకు తెలిసింది. విమానంలో గాలి వదిలే వాల్వుల పనే కదా నాది. ఇంజన్లు బయటి పల్చటి గాలిని పీల్చి, అదిమి లోపలికి పంపుతూనే ఉంటాయి. వెనక ఉన్న వాల్వు అందులో కొంత బయటికి వదులుతూ ఉంటుంది. నేల మీద ఉన్నంత ఒత్తిడి పైన కూడా ఉంచాలంటే విమానం ఒళ్ళు ఇంకా మందంగా, బరువుగా కట్టాలి. అందుకని ఊటీ కొండ మీద ఉన్నంత గాలితో సరిపెడతారు. మనకి చెవులు దిబ్బెళ్ళు పడతాయి, ఒంగోలు గాలితో బిగించిన కవరు ఉబ్బుతుంది. దిగితే మళ్ళీ మామూలే. ట్రైనింగ్‌లో మా మేనేజర్ చిప్స్ ప్యాకెట్ చూపించి ఈ సంగతి చెబుతుంటే అందరూ నవ్వారు. నేను బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

అప్పుడే చెప్పాల్సింది. ఇవాళ, రేపు అంటూ ఇన్నేళ్ళు మింగేశాను. పిన్ని చేతి ఆఖరి పొడి నీ నోటికి అందకుండా చేసిన పాపం నాది. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

నీ
నళిని


ఎడిసన్,
నవంబరు 17

పిచ్చి మొహమా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రోజు నువ్వు నోరు తెరుచుకుని నిద్రపోగానే నేను వెనక్కి వెళ్ళాను. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో ఎయిర్‌హోస్టెస్‌ని బతిమాలి, నా పొట్లం నేను తెచ్చుకున్నాను. పాడైతే పాడైంది, పిన్ని చేసింది పారేయడానికి మనసొప్పలేదు. న్యూయార్క్‌లో దిగి సంచిలో చెయ్యి పెడితే కవరు ఎప్పటిలా అణిగిపోయి ఉంది. నీ వాల్వుల సంగతి నాకేం తెలుసు? పిన్ని మొక్కిన దేవుడే బాగుచేశాడనుకున్నాను!

నువ్వు లైబ్రరీ డ్యూటీకి వెళ్ళిన సాయంత్రాలు, వేడన్నంలో కలుపుకుని రెండు నెలలు ఒక్కదాన్నే తిన్నాను. నువ్వొచ్చేలోపు కిటికీలు తెరిచి వాసన పోగొట్టేదాన్ని. పారేసినదానికి పెట్టేదేమిటని మొదట్లో కోపం. తర్వాత అయిపోతుందేమోనని ఆశ. అయిపోయాక ఏమని చెప్పను? ఒక ఆదివారం పిన్ని ఫోన్‌లో "ఇద్దరికీ అని చేశానే, నళినికి నచ్చిందా?" అంది. "లొట్టలేసుకుని తింటోంది పిన్నీ" అన్నాను. ఎంత సంబరపడిందో! మొన్న నేను ఏడ్చింది అందుకేనే. నువ్వు ఒక్క ముద్దయినా తినకుండానే ఆవిడ వెళ్ళిపోయింది.

శనివారం మా సాన్వి ఇంటర్వ్యూకి మీ పక్కనే ఉన్న ఫీనిక్స్ వస్తోంది. పిన్ని కొలతలు గుర్తున్నంతలో పొడి చేసి, కొవ్వొత్తి మీద అంటించి దాని చేతికిస్తున్నాను. "జిప్‌లాక్ ఉంది కదా అమ్మా, క్యాండిల్ ఎందుకు?" అంది. "పైన ఉబ్బుతుంది, కంగారుపడి పారేయకు. తిన్నగా నళిని ఆంటీ చేతికే ఇవ్వు" అన్నాను. ఉప్పు ఒక పిసరు ఎక్కువైందేమో తెలీదు, రుచి చూడలేదు. మొదటి ముద్ద నువ్వు తిని ఫోన్ చెయ్యి. అప్పటిదాకా ఇక్కడ మిగిలిన పొడి డబ్బా మూత తియ్యను.

నీ వాటా తినేసిన
ఉమ