గులాబీ కుండీలో పోసిన టీ

డాక్టరమ్మగారికి నమస్కారాలు.

నిన్న మీరు నన్నడిగిన ప్రశ్నకు మా తోడికోడలు జవాబు చెప్పింది. ఆమె పక్కనే ఉండడంతో నేను నోరు మెదపలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా గొంతు వాపు తడిమి చూసి, "రోజూ ఏం తాగుతారమ్మా?" అన్నారు మీరు.

"అక్క రెండు పూటలా నా చేతి పాల టీయే తాగుతుందండీ," అందామె.

"అయితే పాలతో కొంత అయోడిన్ అందుతున్నట్టే," అని మీరు రాసుకున్నారు.

అది నిజం కాదండీ. ఆమె ఇచ్చే టీని నేను గులాబీ కుండీలో పోస్తున్నాను. ఒకరోజు మా ఆయన ఆ టీ తాగి, "ఏం టీ పెట్టావమ్మాయ్! మీ అక్కకి ఈ జన్మకి కుదరదు," అన్నారు. అప్పటి నుంచి అది నా గొంతు దిగడం లేదు. పాలు లేని డికాషన్, ఫిల్టరు నీళ్ళు, ఇవే నేను తాగేవి. ఆమె తెచ్చే ప్యాకెట్ ఉప్పు కూడా ముట్టను, నా కూరలో రాళ్ళ ఉప్పు వేసుకుంటాను. వీటిలో అయోడిన్ ఏమాత్రం ఉంటుందో మీరే చెప్పాలి.

ఆమె మెడ నున్నగా ఉంటుంది, గొలుసు భలే నప్పుతుంది. నేనేమో మెడకు కొంగు చుట్టుకుని ప్రార్థనలో కూర్చుంటున్నాను. పాట ఎత్తుకుంటే గొంతు పట్టేస్తోంది.

పాలు తాగమంటే నేనే కాచుకుని తాగుతాను. వాపు తగ్గాలని దేవుణ్ణి వేడుకుంటున్నాను, ఆమె టీ వల్ల మాత్రం తగ్గకూడదనీ వేడుకుంటున్నాను. ఆ తండ్రే నన్ను క్షమించాలి.

గురువారం మళ్ళీ ఆమే నన్ను తీసుకొస్తుంది. ఈ కాగితం మీ దగ్గరే ఉంచండి, ఆమెకు చూపించకండి. చూస్తే ఏడుస్తుంది. అప్పుడు మా ఆయన ఓదారుస్తారు.