తెల్ల కారుకు నీలం రంగు

మంచిర్యాల, శనివారం రాత్రి

కారుకు ముదురు నీలం వేయిద్దామని పొద్దున షెడ్డుకు తీసుకెళ్లాను. పెయింటర్ బానెట్ మీద వేలు పెట్టి, "గిదేంది సార్, గీడ్నే రంగు గిట్ల లేశింది?" అన్నాడు. పెళ్లి టేపు అని చెప్పాను. మా చర్చిలో ఏ పెళ్లికూతురైనా మా తెల్ల కారులోనే దిగాలి. పూలు టేపుతో అంటిస్తారు. పీకితే రంగు కూడా వస్తుంది.

తెలుపు మీద బొగ్గు దుమ్ము కనిపిస్తుందనే మారుస్తున్నానని ఇంట్లో సుజాతతో అన్నాను. నా భార్యకు నేను తెలియనా?

"దుమ్ముకు కాదు. నీలం ఏస్తె పెండ్లిళ్లకు ఎవ్వలూ అడుగరని మీ ఆశ."

కోపం వచ్చింది. నిజం కాబట్టే వచ్చిందేమో.

సాయంత్రం పక్క వీధి మరియమ్మ వచ్చింది. "అన్నా, వచ్చే నెల మా బిడ్డ పెండ్లి. బండి మీదే గద!"

"నీలం రంగు ఏపిస్తున్న మరి," అన్నాను.

ఆమె జర ఆలోచించింది. "ఏపియ్యున్రి. నీలం మీద మల్లెపూలు ఇంకా మంచిగ కనవడ్తయి."

అయితే ఇక రంగు మార్చడం ఎందుకు? ఎవరూ అడగని కారు నాకు నిజంగా కావాలా? తేలలేదు. పూలు మాత్రం ఈసారి దారంతో కట్టమని మరియమ్మకు చెప్పాలి.