ఆరు చోట్ల జారిన అయస్కాంతం

హెమ్లాక్ ఫాల్స్,
అక్టోబరు 3, 1974.

షెల్టర్ క్రీక్ కౌంటీ వాహన తనిఖీ అధికారి, మహారాజశ్రీ మెర్విన్ ఆట్లీ గారి సముఖానికి,

అయ్యా,

కాగితపు మిల్లులో మూడో నంబరు యంత్రం మీద పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న బెర్నార్డ్ కుబియాక్ అనే నేను వ్రాసుకున్న మనవి. మా ఇంటికీ మిల్లుకూ ఇరవై ఆరు మైళ్ళు. బస్సు లేదు. ఉన్నది నా యాభై ఏడు నాటి కారు ఒక్కటే. మంచు కరగడానికి కౌంటీవారు ఏటా రోడ్ల మీద ధారాళంగా చల్లే ఉప్పు దాని మడ్‌గార్డులనూ తలుపులనూ సాంతం తినేసింది. అందుచేత ఈ వేసవిలో, పందెపు కార్లకు బరువు తగ్గించడానికి తయారు చేసే ఫైబర్‌గ్లాస్ భాగాలు తెప్పించి, బానెట్, డిక్కీ మూత, ముందు మడ్‌గార్డులు రెండు, తలుపులు రెండు బిగించుకున్నాను. అంచులు కుదిరేదాకా అరగదీయడానికి ఆరు ఆదివారాలు పట్టింది. వాటికి ఇక జన్మలో తుప్పు పట్టదు.

నిన్న మీ తనిఖీ ఉద్యోగి గ్రోవర్ గారు వాటికి అయస్కాంతం ఆనించారు. ఆరు చోట్లా జారి కింద పడింది.

"ఏంటి బెర్నీ, ఇది పట్టుకోదేం?"

"అది ఇనుము కాదు బాబూ, ఫైబర్‌గ్లాస్."

"ఆ ముక్క రాయడానికి ఫారంలో గడి లేదయ్యా. 'ఉంది' ఒకటి, 'లేదు' ఒకటి. ఏం చెయ్యమంటావ్?"

'లేదు' గడిలో ఆరు గీతలు పెట్టి, అద్దానికి అంటించవలసిన స్టిక్కర్ ఇవ్వకుండా పంపేశారు. స్టిక్కర్ లేనిదే బండి రోడ్డెక్కరాదు. బండి లేనిదే నా ఉద్యోగం నిలవదు. దయ ఉంచగలరు.

చిత్తగించవలెను,
బెర్నార్డ్ కుబియాక్.

తా.క.: 'తలుపులు లేవు' అని వ్రాసేటప్పుడు గ్రోవర్ గారు ఫారాన్ని నా ఎడమ తలుపుకు ఆనించి వ్రాశారు.


కౌంటీ వాహన తనిఖీ కార్యాలయం,
అక్టోబరు 11, 1974.

శ్రీ కుబియాక్ గారికి,

మీ మనవి అందినది. నలభై ఒకటవ నిబంధన ప్రకారం, అయస్కాంతం నిలవని చోట లోహం తుప్పుకు ఆహుతి అయినట్లూ, ఆ రంధ్రాన్ని లప్పంతో పూడ్చి రంగు వేసినట్లూ భావించవలసి ఉన్నది. ఈ ప్రకారం మీ కారుకు బానెట్, డిక్కీ మూత, ముందు మడ్‌గార్డులు, తలుపులు లేవు. ఇంత తక్కువ ఆచ్ఛాదనతో ఒక వాహనం బహిరంగ రహదారిపై సంచరించడాన్ని ఈ కార్యాలయం అనుమతించజాలదు.

లేని తలుపులను మీరు ఆరు ఆదివారాలు అరగదీసిన విషయం మీ కుటుంబ సభ్యులు గమనించదగినది.

భవదీయుడు,
మెర్విన్ ఆట్లీ.

తా.క.: గ్రోవర్ సంజాయిషీ ఇచ్చాడు. ఫారం ఆనించినది తలుపు అద్దానికట. అద్దం ఉన్నట్లు మేమూ అంగీకరిస్తున్నాము.


హెమ్లాక్ ఫాల్స్,
అక్టోబరు 16.

ఆట్లీ గారికి నమస్కారములు.

అయ్యా, అది లప్పం కాదు. గాజు నార పొరల మీద జిగురు పోసి, అచ్చులో గట్టిపరచిన పదార్థం. సరస్సులో తిరిగే పడవలన్నీ ఇప్పుడు దానితోనే చేస్తున్నారు. తుఫానుకు తట్టుకున్న సరుకు మీ నిబంధనకు తట్టుకోలేకపోవడం విచారకరం.

ప్రస్తుతం నా బావమరిది రే వెంట పనికి వెళుతున్నాను. అతడు నిద్ర లేచేది ఎప్పుడో అతడికే తెలియదు. ఇప్పటికి మూడుసార్లు ఆలస్యమైంది. నిన్న ఫోర్‌మన్ పిలిచి, "కుబియాక్, నీ పనికి వంక పెట్టను. ఇంకొక్కసారి ఆలస్యమైతే మాత్రం మూడో నంబరు మీద వేరేవాడు నిలబడతాడు, నన్నేమీ అనుకోకు" అన్నాడు. ఇది బెదిరింపు కాదు. ఆయన బెదిరించే మనిషి కాదు, చేసేస్తాడు.

ఇట్లు, ఎదురు చూస్తున్నవాడు,
బెర్నార్డ్ కుబియాక్.

తా.క.: నమూనాగా ఫైబర్‌గ్లాస్ ముక్క ఒకటి పంపుతున్నాను. మొహమాటం లేకుండా సుత్తితో కొట్టి చూడండి.


కౌంటీ వాహన తనిఖీ కార్యాలయం,
అక్టోబరు 25.

శ్రీ కుబియాక్ గారికి,

మీ వాహనం పడవల పదార్థంతో నిర్మితమైనదని మీరే లిఖితపూర్వకంగా తెలిపినందున, ఫైలును జలమార్గాల విభాగానికి పంపినాము. వారి అభిప్రాయం: పడవ రోడ్డు మీద ప్రయాణించదలచినచో, దానిని చక్రాల బండిపై ఎక్కించి, చెల్లుబాటయ్యే స్టిక్కర్ గల కారుతో లాగించవలెను. అట్టి కారు మీకు ఉన్నదా? తెలుపగలరు. లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నవో కూడా తెలుపగలరు.

భవదీయుడు,
మెర్విన్ ఆట్లీ.

తా.క.: మీ ముక్కను సుత్తితో కొట్టినాము. సుత్తి పిడి విరిగినది. ప్రభుత్వ ఆస్తికి కలిగిన నష్టంపై వేరొక ఫైలు తెరవబడినది.


హెమ్లాక్ ఫాల్స్,
నవంబరు 8.

అయ్యా ఆట్లీ గారూ,

లైఫ్ జాకెట్లు లేవు. బావమరిది ఉన్నాడు. "ఏం బావా, పడవ ఒడ్డుకు చేరిందా?" అని దారి పొడుగునా అడుగుతున్నాడు. తెల్లవారకముందే నేనే వెళ్ళి అతడి కిటికీ మీద గులకరాళ్ళు విసిరి లేపుతున్నాను. అలా నాలుగో ఆలస్యం ఇంకా జరగలేదు. వాళ్ళ గులకరాళ్ళు మాత్రం అయిపోవచ్చాయి.

మీకు కావలసింది ఇనుమైతే ఇనుమే ఇస్తాను. నా భార్య డొలోరెస్ కొలాచ్కీలు అనే జామ్ బిస్కెట్లు కాల్చే ఇనుప రేకు పళ్ళాలు ఆరు తీసి, ఆరు భాగాలకూ లోపలివైపు జిగురుతో అతికించాను. నిన్న అయస్కాంతం జలగలా పట్టుకుంది. గ్రోవర్ గారు ఊపిరి బిగబట్టి రెండు చేతులతో లాగవలసి వచ్చింది.

"ఇప్పుడుంది కదా బాబూ!" అన్నాను.

"ఉండటం ఉందిగానీ బెర్నీ, వెన్న వాసనేస్తోందేంటి?"

వాసనకు గడి లేదు కనుక ఫైలు మళ్ళీ మీ బల్ల మీదకే పంపారు. దయచేసి సంతకం చేయండి.

విసిగినా వినయం వీడని,
బెర్నార్డ్ కుబియాక్.

తా.క.: చర్చి అమ్మకానికి డొలోరెస్ ఇరవై డజన్ల కొలాచ్కీలు ఒప్పుకుంది. పళ్ళాలు ఎక్కడని అడిగితే 'ప్రభుత్వ పరిశీలనలో ఉన్నాయి' అని చెప్పాను. ఆమె మీ కార్యాలయానికి స్వయంగా రావచ్చు. లోపలి నుంచి గడియ వేసుకోండి.


డిసెంబరు 5, 1974.

శ్రీ కుబియాక్ గారికి,

ఈ ఉత్తరంతో మీ స్టిక్కర్ జతపరచడమైనది. దానికి దారితీసిన పరిస్థితులను క్రమంగా నివేదించడం నా విధి.

గత నెల పందొమ్మిదవ తేదీన కౌంటీవారి కొత్త మంచు తోడే లారీలు ఏడు తనిఖీకి వచ్చినవి. ఏడింటి బానెట్లూ ఫైబర్‌గ్లాస్‌వే. ఏడింటి మీదా అయస్కాంతం జారినది. నేను ఏడింటినీ నిలిపివేసినాను. ఇరవైయవ తేదీన రెండడుగుల మంచు కురిసినది. కౌంటీ ఛైర్మన్ గారు స్వయంగా తన ఇంటి గుమ్మంలో తొమ్మిది గంటలు చిక్కుకుపోయి, బయటపడిన మధ్యాహ్నమే ఫోను చేసి, "నిబంధన నీదా, నాదా ఆట్లీ?" అని అడిగినారు. అది ముద్రిత ప్రతిలో ఉన్నదని మనవి చేసినాను. సాయంత్రానికి ఫైబర్‌గ్లాస్‌ను చట్టం గుర్తించినది. మర్నాడు నన్ను, ఈ వచ్చే సోమవారం నుంచి చేరునట్లు, మీ మిల్లు ఎదుట కలప లారీల తూకం కేంద్రానికి బదిలీ చేసినారు. కార్యాలయపు కారు వెనక్కు తీసుకున్నారు.

కనుక నా సొంత కారు బయటకు తీసినాను. అలవాటు కొద్దీ దానికీ అయస్కాంతం పెట్టినాను. ఎనిమిదేళ్ళుగా నేను ఉక్కు అనుకుంటున్న ఎడమ వైపు యావత్తూ లప్పం. రంగు గోకి చూడగా, రంధ్రాలలో కుక్కిన పాత వార్తాపత్రికలు చదవడానికి వీలుగా ఉన్నవి. లప్పం విషయమై చట్టంలో మార్పు లేదు. నా స్టిక్కర్‌ను నేనే గోకివేసి, నాకు నేనే నోటీసు అందజేసుకున్నాను. అందినట్లు సంతకం కూడా చేసినాను.

తూకం కేంద్రంలో నేను ఏడింటికి హాజరు కావలెను. మీరు మిల్లుకు ఆ వేళకే వెళ్ళుదురని ఫైలు ద్వారా తెలియుచున్నది. మీ కారులో ఒక మనిషికి చోటు ఉన్నచో, తపాలా కార్యాలయం మలుపులో నన్ను ఎక్కించుకొనవలసినదిగా ప్రార్థన.

తమ విధేయుడు,
మెర్విన్ ఆట్లీ.

తా.క.: ఈ ప్రార్థనపై నిర్ణయం తీసుకొనడానికి తమకు ముప్పై పనిదినాల గడువు కలదు. నేను మాత్రం సోమవారం ఉదయం ఆరుంబావు నుంచే అక్కడ నిలబడి ఉంటాను.