బిగుతైన మొలతాడు

అర్ధవీడు

చిరంజీవి నాగేంద్రకు అమ్మ దీవెనలు. ఫోనులో చెబితే నవ్వి కొట్టిపారేస్తావని కార్డు రాస్తున్నాను. మీ అన్న బ్రహ్మం గుండె ఆగి పోయి మూడు నెలలాయె. నిన్న నా షుగరు చూడవచ్చిన నర్సమ్మ, "పొట్టలో పేరుకున్న కొవ్వే లివరుకు పట్టి షుగరు తెస్తాది, గుండె మీదికి వస్తాది పెద్దమ్మా" అన్నది. వాడికి మొలతాడు బిగుతైనప్పుడల్లా, కొడుకు ఒళ్ళు చేసినాడని మురిసి, పొడుగుది కట్టింది నేనే గదా నాయనా. కర్మకు వచ్చినప్పుడు చూసినాను, నీ మొలతాడు కూడా ఒంట్లోకి దిగింది. బొడ్డు మీదుగా దారం చుట్టి, తెంపి, కవరులో పంపు. పొట్ట లోపలికి పీల్చి కొలవొద్దు. కోడలు రాధాకుమారి అన్నం తగ్గించి పెడితే అరవొద్దు. పాపకు జ్వరం తగ్గిందా? నువ్వు వెంటనే షుగరుకు రక్తపరీక్ష చేయించుకో. నా ఆయుష్షు కూడా పోసుకుని బతుకు.

మీ అమ్మ, రంగనాయకమ్మ