ఎల్లమ్మవ్వ చెప్పిన వార్త

బాపూ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున యాచారం నుంచి ఎల్లమ్మ అనే అవ్వ ఆటోలో వచ్చింది. నీ సంగతి ఆమెకు తెలియదు.

"సారు లేడా బిడ్డా? మా చెల్క భూమి సుట్టూ కంచె ఏసిన్రు. నన్ను లోపటికి పోనిస్తలేరు. జర పేపర్ల రాయుమను."

నువ్వు లేవని చెప్పాను. ఆమె గడప మీద కూలబడింది. "అయ్యో, మరి ఇగ ఎవలకు చెప్పాలె?"

నలుగురిలో నోరు విప్పని నేను నీ ప్యాడ్ తీసుకొచ్చి ఆమె ముందు కూర్చున్నాను. చెప్పినదంతా రాశాను. చెప్పినవాళ్లకు చదివి వినిపించకుండా నువ్వు ఏ వార్తా పంపేవాడివి కాదు. అందుకని నేనూ వినిపించాను. మధ్యలో ఆపింది.

"ఏడ్చిన అని రాయకు. నేనేడ్వలే, తిట్టిన."

కొట్టేసి సరిచేశాను.

"అవ్, గిప్పుడు సారు బిడ్డవనిపించినవ్," అని నవ్వింది. "ఎన్నడొస్తది పేపర్ల?"

నువ్వు పోయాక మన ఇబ్రహీంపట్నం వార్తల పేజీనే ఎత్తేశారు బాపూ. నీ చోట ఎవరినీ పెట్టలేదు. ఆ మాట ఆమెతో అనలేకపోయాను.

"ఎల్లుండి వస్తది అవ్వా," అన్నాను.

ఎల్లుండి ఆమె పేపరు కొని, చదివిపెట్టమని ఎవరినో అడుగుతుంది.