రత్నం టీచర్ గారి కంప్యూటర్లో చీటీ

జులై 2004, సోమవారం రాత్రి

నిద్ర పట్టడం లేదు. మా స్కూల్లో రిటైరైన రత్నం టీచర్ గారి కంప్యూటర్ తెరుచుకోవడానికి పావుగంట పడుతోందంటే, ఇళ్లకెళ్లి కంప్యూటర్లు బాగుచేసే పనే నాది కాబట్టి, సాయంత్రం మండపేట వెళ్లాను. ఆన్ చేయగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములన్నిటికీ టిక్కులు తీసేశాను. ఈసారి రెండు నిమిషాల్లో తెరుచుకుంది.

"రోజూ వచ్చే చీటీ రాలేదేంటమ్మా?" అన్నారావిడ.

ఏం చీటీ అని అడిగాను. పోయినేడు చనిపోయిన వాళ్లాయన, మాస్టారు, పెట్టి వెళ్లిందట. వెతికి ఆ ఒక్క టిక్కూ పెట్టి మళ్లీ ఆన్ చేశాను.

'రత్నం, బీపీ మాత్ర వేసుకున్నావా?' అని తెర మీదికొచ్చింది.

"వేసుకున్నానండి" అన్నారావిడ, తెరకేసి చూస్తూ.

టీ తాగకుండానే వచ్చేశాను. ఇన్నేళ్లలో ఎంతమంది ఇళ్లలో, అడగకుండా ఏమేం ఆపేశానో...